ట్యూవిట్‌ఫీల్డ్ దాకా ఒక గాలిరోజు

లాంకస్టర్ నుంచి కెండల్ వైపు ఎం6 మోటార్‌వే మీద వెళ్తుంటే కుడిచేతి పక్క ఒక కొండ వస్తుంది. నెత్తిన పెద్దగా చెట్టూ చేమా ఉండదు. బూడిదరంగు రాయి మెట్లుమెట్లుగా లేచి ఉంటుంది. రోడ్డు వైపేమో లారీలోంచి గుమ్మరించినట్టు రాళ్లు జారి ఉంటాయి. మూడేళ్ల కిందట ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో కారులోంచి దాన్ని చూసి "అరె, మా పిడుగురాళ్ల!" అన్నాను. మా ఆయనది ఆత్రేయపురం. పచ్చగా లేనిదేదీ ఆయన కంటికి ఆనదు. "మీ పల్నాడోళ్లకి ఎక్కడ దింపినా రాళ్లే కనబడతాయి" అన్నాడు.

ఆ కొండ పేరు ఫార్ల్‌టన్ ఫెల్. ఎత్తు 265 మీటర్లే. మన దగ్గరైతే గుట్ట అని ఊరుకుంటాం. దానికి ఆనుకునే హటన్ రూఫ్ క్రాగ్స్ అని ఇంకొకటి ఉంది, 274 మీటర్లు. రెండూ సున్నపురాయే. వాటి కింద, పడమటి పక్కన, పాత లాంకస్టర్ కాలువ పోతుంది. కొండెక్కి దిగి, కాలువగట్టు పట్టుకుని దక్షిణంగా ట్యూవిట్‌ఫీల్డ్ అనే చోటు దాకా నడిస్తే సుమారు 13 కిలోమీటర్లు. కొండ నా వంతు, కాలువ ఆయన వంతు, కలిసి వెళ్దాం అని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. పిల్ల చిన్నదనో, వాననో, డ్యూటీ అనో వాయిదా పడుతూ వచ్చింది. చివరికి మొన్న నవంబరు మొదటి శనివారం నేనొక్కదాన్నే నడిచేట్టు, ఆయన పిల్లని తీసుకుని సాయంత్రం ట్యూవిట్‌ఫీల్డ్ దగ్గర కలిసేట్టు కుదిరింది.

కుదిరిన రోజే గాలి. ఇక్కడి వాతావరణ శాఖ 2015 నుంచి పెద్ద తుఫానులకు మనుషుల పేర్లు పెడుతోంది. ఇది పేరు పెట్టేంత పెద్దది కాదు. కింద గంటకు 25 మైళ్లు, పైన విసురు వచ్చినప్పుడు 40 దాటొచ్చు అని ఫోన్లో చూపించింది. నైరుతి గాలి. మనకు నైరుతి అంటే జూన్ నెల, ఉక్కపోత, విత్తనాల కోసం చూపు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి ఆ మూల నుంచే వస్తుంది. మా ఆఫీసులో ఎన్నో ఏళ్లుగా కొండలెక్కే పెద్దాయన ఒకరున్నారు. ముందురోజు ఆయన్ని అడిగాను. వెళ్లొద్దని అనలేదు. "తడిసిన సున్నపురాయి సబ్బుబిళ్ల అనుకో. గాలి రెండుసార్లు పడేస్తే మూడోసారి కోసం ఆగకుండా దిగిపో" అన్నారు. గడియారాలు గంట వెనక్కి తిప్పి వారమైంది, నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కొండ దిగి ఉండాలని కూడా చెప్పారు. ఆ లెక్క నాకు నచ్చింది. ఎక్కడున్నానో తెలియకపోయినా టైం ఎంతయిందో తెలుస్తుంది కదా.

క్లాథార్ప్ అనే చిన్న పల్లె మీదుగా కొండపైకి ఇరుకు రోడ్డు ఒకటి ఉంది. దాని మీద పైదాకా తీసుకెళ్లి పది గంటలకు నన్ను దింపాడు మా ఆయన. కారు తలుపు తెరవబోతే రాలేదు, అవతల ఎవరో పట్టుకున్నట్టు. భుజం పెట్టి తోశాను. అప్పుడు ఒక్కసారిగా తెరుచుకుంది, వెనక సీట్లో పిల్ల బొమ్మల కాగితాలన్నీ లేచాయి. "ఇప్పుడు కూడా మించిపోయింది లేదు, వెనక్కి వచ్చేయొచ్చు" అన్నాడు. "మీరు ట్యూవిట్‌ఫీల్డ్ లాకుల దగ్గర నాలుగింటికి ఉండండి చాలు" అని తలుపు వేసేశాను. నిజానికి నాకూ గుండెల్లో కాస్త దడగానే ఉంది.

మొదటి పావుగంట గోడల మధ్య నడక. ఈ గోడలు చూడాలి. సున్నం లేదు, సిమెంటు లేదు, మట్టి కూడా లేదు. రాయి మీద రాయి పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కూరి, పైన నిలువుగా ఒక వరస పెట్టి వదిలేశారు. అలా మైళ్లకు మైళ్లు. చుట్టూ సున్నపురాయి పెట్టుకుని, సున్నం ముట్టకుండా గోడ కట్టిన జనం! మరి వీళ్లు సున్నం కాల్చలేదా అంటే కాల్చారు. ఈ చుట్టుపక్కల పొలాల్లో పాత సున్నపు బట్టీలు రాతి గూళ్లలా ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ సున్నంలో ఎక్కువ భాగం పొలాలకే పోయేది, పులిసిన నేలను బాగుచేయడానికి. గోడ చాటున నడుస్తున్నంతసేపు గాలి తలపైన ఎక్కడో పోతున్నట్టుంది. ఇంతేనా అనుకున్నాను. గోడకున్న చిన్న గేటు దాటానో లేదో, టోపీ పోయింది. మా అమ్మ అల్లిన మంకీ క్యాప్ అయితే పోయేది కాదు. మనం షోకు కొద్దీ ఇక్కడి టోపీ కొంటాం.

గేటు దాటాక గడ్డి తగ్గి రాయి మొదలైంది. ఇక్కడివాళ్లు దీన్ని లైమ్‌స్టోన్ పేవ్‌మెంట్ అంటారు. ఎవరో పరిచిన బండల్లాగే ఉంటుంది, పేరు అతికినట్టు సరిపోయింది. మంచుయుగంలో హిమానీనదం పైన మట్టినంతా గీకేసి పోతే, బయటపడ్డ రాయిని తర్వాత వేల ఏళ్లపాటు వాన తిన్నది. వాననీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాస్త కలుస్తుంది, మట్టిలోంచి దిగితే ఇంకాస్త. ఆ పలచని ఆమ్లం రాతిలో అప్పటికే ఉన్న బీటల్ని కరిగించి వెడల్పు చేసింది. మధ్యలో మిగిలిన బండని క్లింట్ అంటారు, బీటని గ్రైక్ అంటారు. నాకు మాత్రం నెర్రెలు అనే వచ్చింది నోటికి. ఎండాకాలం రేగడి చేను ఎలా నెర్రెలిస్తుందో అచ్చం అలాగే, కాకపోతే ఇది రాయి, నెర్రె మోకాలి లోతు, కొన్నిచోట్ల మనిషి నడుము లోతు.

నడవడం రాలేదు నాకు. మొదటి పది నిమిషాలు మామూలు నేల మీద నడిచినట్టే నడిచాను. రాయి తడిగా ఉంది, మీద పలచగా నాచు. బండ నుంచి బండకి కాలు చాపి అడుగేసేంతలో గాలి విసురు పక్కనుంచి తోసేది, ఎత్తిన కాలు అనుకున్న చోట కాక అరడుగు ఇవతల పడేది. ఆ అరడుగులోనే నెర్రె. కాసేపటికి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. గాలి హోరు దూరంనుంచి ముందే వినబడుతుంది, గడ్డి కూడా ఆ వైపునుంచి వాలుతూ వస్తుంది. హోరు దగ్గరికొస్తే రెండు కాళ్లూ ఒకే బండ మీద పెట్టి, మోకాళ్లు కాస్త వంచి ఆగడం. పోయాక నాలుగడుగులు. మళ్లీ ఆగడం. కష్టమంతా గాలి ఆగినప్పుడే. దానికి ఎదురుగా ఒరిగి నిలబడి ఉంటామా, అది ఉన్నట్టుండి వదిలేస్తే ముందుకి తూలిపోతాం. తలుపు తోస్తుంటే లోపలివాళ్లు గడియ తీసేసినట్టు.

అలా తూలినప్పుడే ఎడమకాలు నెర్రెలోకి పోయింది. పిక్క దాకా. దెబ్బ తగల్లేదు గానీ బూటు కింద ఇరుక్కుంది. కూర్చుని, లేసు వదులు చేసి, పాదం అటూ ఇటూ తిప్పుతూ లాగాల్సి వచ్చింది. ఆ అయిదు నిమిషాలు తల వంచి లోపలికి చూశాను. పైన చెవులు పగిలేంత హోరు, లోపల ఒక్క ఆకు కదలడం లేదు. నెర్రె గోడకి అతుక్కుని ఒక ఫెర్న్ మొక్క ఉంది. మామూలు ఫెర్న్‌లా దువ్వెనపళ్ల ఆకు కాదు, చీలికలు లేకుండా నాలుకలా పొడుగ్గా, తడిగా, ఇంత చలిలోనూ లేతపచ్చగా ఉంది. ఇక్కడ దాన్ని దుప్పినాలుక అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆకుని వేలితో వెనక్కి తిప్పితే గోధుమరంగు చారలు వరసగా ఏటవాలుగా, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. విత్తులు కావవి, దాని పుప్పొడిలాంటి బీజాలు. గొర్రె మూతి ఇంత కిందకి అందదు, గాలి దిగదు, తడి ఆరదు. కొండ మీద ఉండాల్సిన అడవంతా నెర్రెల్లోకి దిగి దాక్కున్నట్టుంది.

లేచాక రాయిని తేరిపార చూశాను. బండ మీద వాన లాగిన గాడులు, చలిమిడి ముద్ద మీద వేళ్లు లాగినట్టు. ఒకచోట అరచేతంత గుంట, అందులో నీళ్లు, ఆ చెంచాడు నీళ్లలో కూడా గాలికి అలలు. అంచున గవ్వ ముక్క ఒకటి రాతిలోనే ఉండిపోయి కనబడింది, పక్కన జల్లెడలా చిల్లులున్నది ఏదో పగడపు జీవి అయి ఉంటుంది. ఈ రాయి 30 కోట్ల ఏళ్ల కంటే పాతది, వెచ్చని లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది. మా పల్నాడు నాపరాయిలో గవ్వ దొరకదు. చిన్నప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. అది గవ్వలున్న ప్రాణులు పుట్టకముందటి రాయని తర్వాతెప్పుడో తెలిసింది.

పదకొండున్నర. ఇంటి దగ్గర సాయంత్రం అయిదు. నాన్నకి వీడియో కాల్ చేశాను. మోటార్‌వే పక్కనే కాబట్టి సిగ్నల్ బాగానే ఉంది.

"ఏందమ్మాయ్ ఆ హోరు? రైల్లో ఉన్నావా?"

"కొండ మీదున్నా నాన్నా. సున్నపురాయి. చూడు."

"కెమెరా దించు. ఇంకా దించు. మొహం కాదు, రాయి చూపీ."

నాన్న పాతికేళ్లు సున్నం బట్టీలో గుమాస్తా. ఊరికి లైమ్ సిటీ అని పేరొచ్చిన రోజులు ఆయన కళ్లముందువే. ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు, మళ్లీ రాయి, మళ్లీ బొగ్గు. పైనుంచి పోస్తుంటే కిందనుంచి సున్నం వచ్చేది. ఆ లెక్కంతా ఆయన పుస్తకంలో. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి.

"పొర ఎంత మందం?" అన్నాడు.

జాన పెట్టి కొలిచాను. "రెండు జానలు దాటింది."

"పలకగా లేస్తదా?"

"లేవదు, దిమ్మలాగుంది."

"అయితే బట్టీకే. నేల పరవడానికి పనికిరాదు" అని తేల్చేశాడు. "టన్ను ఎంతంట?"

"అమ్మరు నాన్నా. ఇక్కడ ముక్క తీసుకెళ్తే కేసు."

"రాయి తీస్తే కేసా!" ఫోన్ అమ్మ వైపు తిప్పి, "విన్నావంటే, రాయి తీస్తే కేసంట" అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగి, "మరి దాన్నేం చేసుకుంటారు?"

"నడుస్తారు" అన్నాను.

ఆయన ఏదో అన్నాడు గానీ గాలిలో వినపడలేదు. నవ్వుతున్నాడని మాత్రం కనబడింది.

కేసు మాట ఊరికే అనలేదు. తోటల్లో అలంకారానికి ఈ వాన తిన్న బండల్ని లారీలకొద్దీ తవ్వి అమ్మేవాళ్లు ఒకప్పుడు. 1981లో వచ్చిన వన్యప్రాణి, పల్లెసీమల చట్టంలో ఈ పేవ్‌మెంట్లకు విడిగా రక్షణ ఉత్తర్వులు ఇచ్చే ఏర్పాటు పెట్టాకే అది తగ్గింది. తమాషా ఏంటంటే, ఇదే కొండ పడమటి మొగాన హోమ్ పార్క్ క్వారీ అని పెద్ద సున్నపురాతి క్వారీ ఉంది. అక్కడ నుంచి రాయి పోతూనే ఉంది, కంకరకి. గీత ఇవతల ముక్క తీస్తే నేరం, అవతల కొండే పోతుంది. నాకది తప్పనిపించలేదు, ఒప్పనీ అనిపించలేదు. క్వారీ కూలి డబ్బుతో తిన్న ఊరుదాన్ని, మాట్లాడే మొహం లేదు.

ఫార్ల్‌టన్ ఫెల్ పైకి చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడ నిలబడడం కుదరలేదు. కూర్చుని చూశాను. పడమర మోర్‌కంబ్ బే అనే అఖాతం, వెండిరేకు పరిచినట్టు. ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ కొండలు సగం మబ్బులో. తూర్పున బల్లలా నెత్తి చదునుగా ఇంగిల్‌బరో, 723 మీటర్లు. ఎం6 సరిగ్గా కాళ్లకింద, లారీలు అగ్గిపెట్టెల్లా, ఒక్క చప్పుడు పైకి రావడం లేదు. పడమటి అంచు దగ్గరికి వెళ్లడానికి భయపడ్డాను గానీ ఆలోచిస్తే, గాలి ఆ వైపునుంచే వస్తోంది, తోస్తే కొండ లోపలికే తోస్తుంది. గాలి వెనక్కి నెడుతున్న చోట అంచు మీంచి పడిపోవడం కష్టం. అయినా పది అడుగులు ఇవతలే ఆగాను, గాలి వదిలేస్తే ఏమవుతుందో పొద్దున్నే తెలిసింది కదా.

ఒక గోడ చాటున పులిహోర డబ్బా విప్పాను. గోడ అవతల గొర్రెలు, వీపుల మీద నీలిరంగు గుర్తులతో, గాలికి వెనక తిప్పి నిలబడి ఉన్నాయి. వాటికున్నపాటి తెలివి నాకు లేదు, మూత గాలివైపే తీశాను. వేయించిన పల్లీలు నాలుగైదు ఎగిరిపోయాయి. ఎగిరిపోయిన పల్లీ ఎక్కడ పడిందా అని వెతకడం నా జీవితంలో అదే మొదటిసారి, అక్కడ తినగలిగింది అదొక్కటే అన్నట్టు.

దిగడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. వాన మొదలైంది, గోధుమరంగు బ్రేకెన్ పొదల మధ్య బురద దారి, రెండుసార్లు కూర్చున్నట్టే జారాను. ఆన్‌లైన్లో కొన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ వాటర్‌ప్రూఫ్ కాదని అరగంటలో తేలింది. భుజాల దగ్గర కుట్టులోంచి నీళ్లు. 90 పౌండ్లు. రిటర్న్ గడువు కూడా దాటిపోయింది, ఇక దాని గురించి మాట్లాడను. ఒంటిగంటకి ఫార్ల్‌టన్ పల్లె దగ్గర రోడ్డు మీదున్నాను, పెద్దాయన చెప్పిన టైముకి సరిగ్గా.

కాలువ కనబడగానే కాసేపు ఏమీ అర్థం కాలేదు. నీళ్లు ఉత్తరంగా పోతున్నాయి. మ్యాప్ తిప్పి చూశాను, ఫోన్లో దిక్సూచి చూశాను. నీళ్లు రావాల్సింది ఉత్తరం నుంచి. కొండల్లో కిల్లింగ్‌టన్ అనే చెరువు కట్టి, అక్కడి నీళ్లు వాగులోంచి ఈ కాలువకి తెచ్చారు. మరి వెనక్కి పోతున్నాయేంటి? కాసేపటికి ఒక ఆకు మీద కన్నేసి ఉంచాను. పైన తేలే ఎండుటాకు ఉత్తరంగా పోతోంది. కాస్త లోతులో మునిగిన ఆకు, మెల్లగా, చాలా మెల్లగా, దక్షిణంగా వస్తోంది. గాలి పైపొరని మాత్రమే తోసుకుపోతోంది. నేను దక్షిణంగా నడవాలి, అంటే మునిగిన ఆకుతో పాటు, గాలికి ఎదురుగా, మిగతా ఎనిమిది కిలోమీటర్లూ.

ఈ కాలువకి 1792లో చట్టం అయింది. ఇంజనీరు జాన్ రెన్నీ. 1797కి ట్యూవిట్‌ఫీల్డ్ దాకా, 1819కి కెండల్ దాకా నీళ్లొచ్చాయి. మా ఆయన ఈ సంగతి చెప్పినప్పుడల్లా కాటన్ దొర ఆనకట్టని పక్కన పెట్టి లెక్కేస్తాడు, అది 1852 కదా, దీనికంటే యాభై ఏళ్లు వెనకే గానీ అందులో వరి కూడా పండింది అని. నిజమే, ఈ కాలువ కింద ఒక్క ఎకరం తడవదు. పడవల కోసమే తవ్వారు. లాంకషైర్ గనుల బొగ్గు పైకి పోయేది, ఈ కొండల సున్నపురాయి కిందకి వచ్చేది. అందుకే దీన్ని నలుపు తెలుపుల కాలువ అనేవాళ్లు. నాకు ఆ పేరు చదివినప్పుడు నాన్న బట్టీ గుర్తొచ్చింది. ఒక వరస నలుపు, ఒక వరస తెలుపు.

కట్ట మీద నడక సుఖం. ఎక్కడా ఎక్కుడు లేదు, దిగుడు లేదు. కొండవాలు ఎటు తిరిగితే కాలువ అటు తిరుగుతుంది, మా సాగర్ కుడికాలువ గుట్టల్ని చుట్టుకుంటూ పోయినట్టే. ట్యూవిట్‌ఫీల్డ్ నుంచి ప్రెస్టన్ దాకా 66 కిలోమీటర్లు ఒక్క లాకు కూడా లేకుండా ఒకే మట్టంలో ఉంటుంది. బ్రిటన్‌లో అంత పొడుగున లాకు లేని కాలువ ఇంకొకటి లేదు. అడుగున బంకమట్టి తొక్కించి గట్టిపరిచారు, లేకపోతే ఈ నేల నీళ్లని ఉంచదు. కెండల్ వైపు చివరి మైళ్లలో అదే జరిగింది. సున్నపురాతి బీటల్లోకి నీళ్లు ఇంకిపోతుంటే ఆపలేక చివరికి ఆ భాగాన్ని ఎండగట్టేశారు. పొద్దున్న నా కాలు పట్టుకున్న నెర్రెలే, అక్కడ కాలువనే తాగేశాయి.

ఒక పడవా లేదు ఈ ముక్కలో. 1846లో రైలు వచ్చాక సరుకు తగ్గిపోయింది. 1960ల చివర్లో ఎం6 వేసేటప్పుడు కాలువ మీద ఎత్తు వంతెనలు కట్టడం దండగనుకుని, కట్ట పోసి నీళ్లని గొట్టంలో దాటించారు. కింది భాగానికి ఆ నీళ్లు కావాలి కాబట్టి గొట్టమైనా పెట్టారు. అలాంటి చోటుకి వచ్చినప్పుడు దారి తెగిపోతుంది. కాలువ కాస్తా కాంక్రీటు గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. కట్ట దిగి, రోడ్డెక్కి, మోటార్‌వేని దాటి, మళ్లీ వెతుక్కుంటూ కాలువ దగ్గరికి రావాలి. ఆ కాంక్రీటు గోడ దగ్గర ఆకులు, ప్లాస్టిక్ సీసాలు, ఒక పిల్లల బంతి, అన్నీ గాలికి మూలకి చేరి గుండ్రంగా తిరుగుతున్నాయి. కొండ మీద గంటన్నర కూర్చోమన్నా కూర్చునేదాన్ని, ఆ చోట ఒక్క నిమిషం నిలబడలేకపోయాను.

రాతి వంతెనలు మాత్రం అలాగే ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చు, విల్లులా, ప్రతిదానికీ నంబరు పలక. ఒక వంతెన కింద వాన తగ్గేదాకా ఆగాను. గోడ మూలరాయికి నడుము ఎత్తులో గాడులు కనబడ్డాయి, వేలు పట్టేంత లోతు, నున్నగా. మొదట వాననీటి గాడులే అనుకున్నాను, పొద్దున్నుంచి చూస్తున్నవి అవే కదా. ఇవి అడ్డంగా ఉన్నాయి. గట్టు మీద గుర్రం నడుస్తూ పడవని లాగుతుంటే, మలుపులో మోకు ఈ రాయిని ఒరుసుకుంటూ పోయేది. వేలు పెట్టి చూస్తే తాడు మందం ఇంతని తెలిసిపోతోంది. అదే వంతెన చాటున ఒక హంస, నాలాగే ఆగి ఉంది. నన్ను చూసి బుస్సుమంది. "నీదే వంతెన" అన్నాను దానితో తెలుగులో.

హోమ్ ఊరు దాటాక ఎదురుగాలి ఇంకా పెరిగింది. ఊరి పేరు అలా పలుకుతారు, హోమ్ అని. ఫోన్ తీసి "హోమ్ దాటాను" అని మెసేజ్ పెడితే, మా ఆయన "ఇంట్లో ఎప్పుడు దిగావ్?" అని జవాబిచ్చాడు. నాలుగుకి పది నిమిషాలుండగా మొదటి లాకు కనబడింది.

ట్యూవిట్ అంటే ఇక్కడి పల్లె మాటలో తీతువు పిట్ట. దాని కూతని పట్టే వాళ్లకా పేరొచ్చింది, మనకీ కూతని పట్టే వచ్చింది. ఎక్కడో ఇంత దూరంలో రెండు పేర్లూ దగ్గరదగ్గరగా వినబడటం నాకు భలే నచ్చింది. కాకపోతే మన దగ్గర రాత్రి తీతువు కూస్తే కీడంటారు, వీళ్లు దాని పేరున ఊరు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం తీతువు లేదు, ఉన్నా ఎగిరే గాలి కాదు.

మా ఆయన పిల్లని భుజాల మీద ఎక్కించుకుని గట్టు వెంట ఎదురొచ్చాడు. ఆయన కళ్లు నా మీద లేవు, లాకుల మీదున్నాయి. ఎనిమిది లాకులు మెట్లుగా, అన్నీ కలిపి పడవని 23 మీటర్ల దాకా ఎత్తేవి. తలుపులు లేవు. తీసేసి కాంక్రీటు అడ్డుకట్టలు పెట్టారు, నీళ్లు వాటి మీదుగా తెల్లగా దూకుతున్నాయి. పక్కనే ఎం6, చేయి చాపితే అందేంత దగ్గర్లో లారీలు. ఆయన అడ్డుకట్టని చూసి, రాతి గదిని చూసి, తలుపు బందు ఉన్న చోట రాతిలో గుండ్రని గుంటని చూపించాడు. "ఇదిగో, ఇక్కడ తిరిగేది. మా లొల్ల లాకుల దగ్గర కూడా ఇలాగే ఉంటాయి. చిన్నప్పుడు తలుపు దూలం మీద నడిచి అవతలికి పోయేవాళ్లం. తాతయ్య చూస్తే తన్నేవాడు" అన్నాడు. పిల్ల లాకులు లెక్కపెట్టి తొమ్మిది అంది. మళ్లీ లెక్కపెట్టమంటే ఏడంది.

లాకులన్నీ దాటాక కాలువకి మళ్లీ ప్రాణం వచ్చింది. అక్కణ్నుంచి దక్షిణం పడవలు తిరిగే కాలువే. పొడుగు పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి, తాళ్లు గాలికి కిర్రుకిర్రుమంటూ. ఒకదాని చిన్న గొట్టంలోంచి పొగ వస్తోంది. లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టున్నారు. పొగ పైకి లేవడం లేదు, గాలి దాన్ని వంచి నీళ్ల మీదుగా మా వైపే తెస్తోంది. రాక్షసిబొగ్గు వాసన. ఏడో తరగతిలో రాత్రి నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తుంటే బట్టీల వీధి మలుపులో తగిలే వాసన.

"అబ్బ, పొగ" అని మా ఆయన పిల్ల ముక్కు మూసి, "పద, కారెక్కు, తడిసి ముద్దయ్యావ్" అన్నాడు.

"మీరు వెళ్లి హీటర్ వేయండి, ఒక్క నిమిషంలో వస్తాను" అన్నాను.